కథకుడి కథకు వేదిక ఎక్కడ?



మన బమ్మెర పోతన భాగవతం మొదలుపెట్టే ముందు తన సంగతి కొంత చెప్పుకున్నాడు. చంద్రగ్రహణం రోజు గంగలో స్నానం చేసి ఒడ్డున ధ్యానంలో కూర్చుంటే రామభద్రుడు కనిపించి భాగవతాన్ని తెనిగించమన్నాడని, ఆ మాటతో తాను ఈ పనికి పూనుకున్నానని రాసుకున్నాడు. తల్లిదండ్రులెవరో, అన్న ఎవరో చెప్పాడు. ఒక మనిషి ఆ కావ్యానికి కవి ఎట్లా అయ్యాడన్న ముచ్చట అది. కావ్యం రాసేవాడికి ఆ చోటు ఉంది. అవతారికలో కవి తన వంశం, తన కల, తన భయం, తన ధైర్యం అన్నీ చెప్పుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

ఇక జనగామ జిల్లాలో లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురంలో 1935లో పుట్టిన చుక్క సత్తయ్య గారు చిన్న వయసులోనే ఒగ్గుకథలోకి వచ్చారు. 2017 నవంబరు 9న కన్నుమూసేదాకా కథకుడిగానే బతికారు. మల్లన్న కథ చెప్పారు, బీరప్ప కథ చెప్పారు, ఎల్లమ్మ కథ చెప్పారు. ఒగ్గుకు అలవాటు లేని పురాణ కథలను కూడా ఒగ్గులోకి తెచ్చారు. 2004లో సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. కానీ ఆ సంప్రదాయంలో కథ ఎక్కడ మొదలైనా, ఎన్ని రాత్రులు సాగినా, కథ చెప్పేవాడి బతుక్కు అందులో ఒక ఘట్టమంటూ లేదు. కవికి అవతారిక ఉంది. కథకుడికి లేదు.

ఆయన్ను తలచుకునే ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ లేని ఘట్టం గురించే. కళాకారుడు తాను కళాకారుడైన కథను తానే వేదిక మీద, తన కళలోనే కట్టి, తానొక్కడే చెప్పడం గురించి. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఇది జరగాలన్నది నా కోరిక. ఎందుకు జరగలేదో ముందు చూద్దాం.

తెలంగాణలో కథ చెప్పే కులాలు చాలా మటుకు ఇంకొక కులాన్ని ఆశ్రయించి బతికినవి. ఒగ్గువాళ్లు మాత్రం కురుమ, గొల్లల్లోంచే వచ్చారు. మిగతావాళ్లను చూడండి. మాదిగలకు చిందువాళ్లు, డక్కలివాళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. గొల్లలకు మందెచ్చులవాళ్లు. గౌడులకు గౌడజెట్టీలు. మహబూబాబాద్ తండాల్లో లంబాడాల వంశగాథలు పాడే ధాడీలు. కొత్తగూడ, గంగారం అడవుల వైపు కోయల పడిగెలు విప్పి, డోలు కొట్టి, గోత్రాల పుట్టుక పాడే డోలివాళ్లు. ప్రతి కులానికీ తన పుట్టుక కథ ఉంది. ఆ కథను కాపాడే పని ఇంకొకరికి అప్పజెప్పారు. ఇంత పెద్ద ఏర్పాటు తరతరాలు నిలబడిందంటే దాని వెనక తిండి లెక్క ఉంది. చిందు కుటుంబానికి కొన్ని ఊళ్ల మీద మిరాశి ఉంటుంది. ఆ ఊరికి ఆ కుటుంబమే రావాలి, ఆడాలి, ఆటకు ప్రతిఫలంగా త్యాగం తీసుకోవాలి. త్యాగం ఇచ్చేవాడు ఇచ్చేది తన తాత ముత్తాతల పేరు నలుగురిలో మోగినందుకు. అక్కడ నిలబడి చిందు కళాకారుడు తన ఆకలి సంగతి ఎత్తుకుంటే వినడానికి ఎవరు కూర్చుంటారు? కూర్చున్నా దానికి త్యాగం ఎవరిస్తారు? తన కథ చెప్పుకోకపోవడం వినయం వల్ల వచ్చింది కాదు. అది ఆ బతుకుతెరువు పెట్టిన షరతు.

కథ మధ్యలో చదివింపులు జరుగుతాయి కదా. పదో, ఇరవయ్యో ఎవరైనా ఇస్తే కథకుడు ఆట ఆపి, ఇచ్చినవాళ్ల పేరు, వాళ్ల ఇంటి పేరు, కొడుకుల పేర్లు ఎత్తి దీవిస్తాడు. ఒక్క రాత్రిలో ఊరి వాళ్ల పేర్లు ఎన్ని పలుకుతాడో! ఆ గొంతు ఎవరిదో, ఎక్కడ నేర్చుకుందో, ఎన్నిసార్లు బొంగురుపోయిందో ఆ రాత్రి ఎవరూ అడగరు. నాకు ఇది చిన్నప్పటి నుంచీ మనసులో ముల్లులా ఉండేది.

ఇప్పుడు ఆ షరతు చాలావరకు సడలిపోయింది. మిరాశి ఊళ్లు అట్లా లేవు. కథ అర్ధరాత్రి దాకా వినే తీరిక తగ్గింది. భూపాలపల్లిలో బొగ్గు గనులు వచ్చిన తర్వాత జనం నిద్ర వేళలే మారాయి. మొదటి షిఫ్టుకు తెల్లవారకముందే లేవాల్సినవాడు రాత్రంతా కథ దగ్గర కూర్చోలేడు. కథ చెప్పే ఇళ్ల పిల్లలు కూడా గనుల్లోకి, పట్నం పనుల్లోకి వెళ్లారు. కట్టడి పోయింది, దానితో పాటు కూడూ పోయింది. కథకుడు స్వతంత్రుడైన ఈ కాలంలోనే వినేవాళ్లు కరువయ్యారు. అందుకే ఈ పని ఇప్పుడే జరగాలంటున్నాను.

జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఐదు దశాబ్దాలకు పైగా పంతొమ్మిది వేలకు మించిన ప్రదర్శనలు అని ఆ ప్రకటన చెప్పింది. ఆ వార్త విని జిల్లా అంతా సంతోషించింది, నేనూ సంతోషించాను. కానీ ఆ అంకె చదివినప్పుడు నాకు ఆగి అడగాలనిపించింది. అందులో మొదటిది ఎట్లా జరిగింది? పదోదానికీ నూరోదానికీ మధ్య ఆ శరీరంలో ఏం మారింది? సన్మానపత్రం అంకె చెప్పగలదు. ఆ మార్పును చెప్పగలిగినవాడు ఆ మనిషి ఒక్కడే. అది చెప్పే పద్ధతి కూడా ఆయన చేతిలోనే ఉంది.

చిందు మేళంలో పిల్లలు ఎట్లా పెరుగుతారో చూడండి. మేళం అంటే కుటుంబమే. నాన్న వేషం కడతాడు, అమ్మ వేషం కడుతుంది, మేనమామ మద్దెల వాయిస్తాడు. పిల్లవాడికి ముఖానికి అర్దళం పూసి, పొనికి కర్రతో చేసిన చిన్న కిరీటం పెట్టి లోహితాస్యుడిగానో, ప్రహ్లాదుడిగానో నిలబెడతారు. వాడికి అప్పటికి పద్యం అర్థం తెలియదు. పాము కరిచి పడిపోవాలి, తల్లి ఏడుస్తుంటే కదలకూడదు. అంతే తెలుసు. ఆ తల్లి వేషంలో ఏడ్చేది నిజంగా తల్లే కావచ్చు. పడుకున్న పిల్లవాడికి ఆ ఏడుపు వేషమో, నిజమో పోల్చుకోలేని వయసు. నటన అంటే ఏమిటో ఒక మనిషి మొదటిసారి తెలుసుకునే క్షణం అదే అయి ఉంటుంది. ఏ నాటక శిక్షణాలయం ఈ పాఠం చెప్పగలదు?

తర్వాత పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య గొంతు మారుతుంది. ఈ ఏడాది గురించి నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను. ఎందుకంటే కళాకారుడి కథలో అందరూ దాటేసేది ఇదే. గొంతు పగిలిన పిల్లవాడు ప్రహ్లాదుడికి పనికిరాడు. హిరణ్యకశిపుడికి ఇంకా చాలడు. నిన్నటి దాకా ఊరంతా ఎత్తుకుని ముద్దు చేసిన పిల్లవాడికి ఇవాళ వేషం లేదు. తాళం చేతికిస్తారు. లేదంటే మూటలు మోయమంటారు. కొందరు ఆ ఏడాదే మేళం వదిలి పోతారు. ఉండిపోయినవాడు పక్కన నిలబడి చూడటం నేర్చుకుంటాడు. నాన్న అడుగు ఎక్కడ వేస్తున్నాడు, మామ ఏ దరువు దగ్గర ఊపిరి తీసుకుంటున్నాడు, జనం ఎక్కడ కదులుతున్నారు, ఎక్కడ ఆవులిస్తున్నారు. వేషం దొరికిన ఏళ్ల కంటే దొరకని ఆ ఏడాదిలోనే మనిషి కళాకారుడవుతాడని నా నమ్మకం. ఆ తర్వాత ఆడవేషం, రాజు వేషం, ఒళ్లు బరువెక్కాక రాక్షస వేషం, మోకాళ్లు సహకరించని నాటికి వసిష్ఠుడో, కాటికాపరో. మేళంలో పుట్టినవాడి వయసు వేషాల్లో లెక్కపెట్టవచ్చు. ఒక్క మనిషి వేదిక మీద నిలబడి, లోహితాస్యుడి దగ్గర మొదలుపెట్టి ఆ వేషాలన్నీ వరుసగా ఒక్కొక్క ఘట్టం ఆడుతూ, మధ్యలో ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగిందో చెబుతూ వస్తే? అదే అతని ఆత్మకథ. కొత్తగా రాయాల్సింది పెద్దగా ఏమీ లేదు. అతని ఒంట్లోనే ఉంది.

తెలుగునాట కళాకారులు తమ కథ చెప్పుకోలేదని కాదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తన తొలి జీవితాన్ని 'నా యెఱుక' పేరుతో రాశారు. స్త్రీ పాత్రలకు పేరెన్నికగన్న స్థానం నరసింహారావు గారు 'నటస్థానం' రాశారు. బుర్రకథ నాజర్ గారి జీవితం 'పింజారి'గా వచ్చింది. ఆయన చెబుతుంటే అంగడాల వెంకట రమణమూర్తి గారు రాసుకున్నారు. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరు సోదరులు ఇద్దరూ తమ కథ తామే రాశారు. దాశరథి కృష్ణమాచార్యులు గారిది 'యాత్రాస్మృతి', రంగాచార్యులు గారిది 'జీవనయానం'. ఇవన్నీ గొప్ప పుస్తకాలు. కానీ నారాయణదాసు గారి సంగతే చూడండి. గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, ఒక్కరే నిలబడి గంటలకొద్దీ రామకథ, కృష్ణకథ ఆడి పాడిన మనిషి తన కథకు వచ్చేసరికి కలం పట్టారు. నాజర్ గారు ఒక్క పలుకుతో వేల మందిని కదిలించిన మనిషి. ఆయన బతుకు మాత్రం కాగితం మీద మిగిలింది. పుస్తకంలో ఆయన మాట ఉంది, ఆ మాటలోని ఊపు ఎంత వస్తుంది?

ఒంటరి నటన మనకు కొత్త కాదు. ఏకపాత్రాభినయం పోటీలు జరగని కాలేజీ లేదు. దుర్యోధనుడు, శిశుపాలుడు, అల్లూరి, గిరీశం. ఓరుగల్లులో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ గారు ఒక్క మైకు ముందు నిలబడి ఎన్నో గొంతులు పలికించి ప్రపంచమంతా తిరిగారు. పద్మశ్రీ కూడా అందుకున్నారు. అన్నీ ఒక్కరు చేసేవే. అన్నీ ఇంకొకరిని చూపించేవే. ఏకపాత్రలో ఆ ఒక్క పాత్ర నటుడే అయిన సందర్భాలు అరుదు.

బయట దీనికి దారులున్నాయి. కేరళ కూడియాట్టంలో నిర్వహణం అనే భాగం ఉంది. పాత్ర రంగం మీదకు వచ్చి, తనకు ఇంతకుముందు జరిగినదంతా ఒక్కతే అభినయించి చూపుతుంది. అది కొన్ని రాత్రులు పడుతుంది. కథ ముందుకు కదలదు, వెనక్కి పోతుంది. తన కథను తానే తవ్వుకునే నటన మన దక్షిణాదిలోనే శతాబ్దాలుగా ఉందనడానికి ఇది చాలు. కాకపోతే అది పాత్ర గతం, నటుడి గతం కాదు. అమెరికాలో స్పాల్డింగ్ గ్రే అనే నటుడు ఒక బల్ల ముందు కూర్చుని, గ్లాసుడు నీళ్లు, ఒక నోట్‌బుక్ పెట్టుకుని తన కథే చెప్పేవాడు. 'ది కిల్లింగ్ ఫీల్డ్స్' సినిమాలో తనకు దొరికిన చిన్న వేషం చుట్టూ అల్లిన 'స్విమ్మింగ్ టు కంబోడియా' 1987లో సినిమాగా కూడా వచ్చింది. ఒక మనిషి కూర్చుని మాట్లాడుతుంటే జనం టికెట్టు కొని విన్నారు.

గ్రే పద్ధతిని అట్లాగే తెచ్చుకుంటే మన దగ్గర నిలవదు. దానికి కారణం ఉంది. మన కథకుడు ఎప్పుడూ పూర్తిగా ఒంటరి కాడు. ఒగ్గులో ప్రధాన కథకుడి పక్కన వంత ఉంటాడు. డోలు, తాళం వెనక ఉంటాయి. కథకుడు ఒక మాట అంటే వంత అందుకుంటాడు, ప్రశ్న వేస్తాడు, ఒక్కోసారి అడ్డం తిరుగుతాడు. "అట్లెట్లయితది?" అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు చెబుతూనే కథ ముందుకు పోతుంది. ఇంట్లో నాయనమ్మ కథ చెప్పినా ఊ కొట్టేవాళ్లు ఉండాల్సిందే. కాబట్టి ఒగ్గు కథకుడు తన కథ తానొక్కడే చెప్పాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. వంతను ఏం చేయాలి?

నా ఆలోచన చెబుతాను. వంత మాట కూడా కథకుడే పలకాలి. సత్తయ్య గారి లాంటి కథకులు భుజం మీది గుడ్డను తల మీదికి లాగితే ఆడబిడ్డ, తలకు చుడితే దొర, నడుముకు బిగిస్తే గొల్ల. ఇంతమందిని ఒక్క గుడ్డతో మార్చగలిగినవాడు తన వంతను కూడా తానే కాగలడు. అప్పుడు ఆ వంత ఎవరవుతాడు? తనను నమ్మని మనిషి అవుతాడు. "నీకు కథ ఏం వచ్చురా, గొర్లు కాసుకో పో" అన్న నాన్న కావచ్చు. రాత్రంతా బయట తిరిగి పొద్దున ఖాళీ చేతులతో వచ్చినప్పుడు ఏమీ అడగకుండా గటక పెట్టిన భార్య కావచ్చు. మొదటిసారి కథ తప్పినప్పుడు నవ్విన డోలు కొట్టేవాడు కావచ్చు. కళాకారుడు అయిన కథలో అసలు నాటకం ఆ ప్రశ్నల్లోనే ఉంటుంది. ఒంటరిగా నిలబడ్డవాడు తనకు అడ్డం వచ్చినవాళ్ల గొంతు పలికితే, తనను మోసినవాళ్ల గొంతు కూడా పలికితే, అప్పుడది గొప్పలు చెప్పుకోవడం కాదు. సొంత గొప్పలు వినడం మన సభలకు ఇష్టం ఉండదు. ఆ అయిష్టం మంచిదే. దాన్ని దాటే దారి వంత చూపిస్తాడు.

ఇంకో ప్రమాదం ఉంది. అది నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది. పట్నంలో వేదిక దొరికింది, చల్లని హాలు, ముందు వరుసలో పెద్దవాళ్లు. అక్కడ కళాకారుడి నుంచి అందరూ కన్నీళ్లు ఆశిస్తారు. తిండి లేని రోజులు, కూలిన ఇల్లు, రాని పింఛను. అవన్నీ నిజాలే. దాచమని నేననను. కానీ ఒక మనిషి బతుకంతా ఏడుపుగా మార్చి అమ్మితే, ఆ మనిషికి పేదరికం వచ్చిన సంగతే మిగులుతుంది, కళ వచ్చిన సంగతి పోతుంది. జనగామ పక్కనున్న రేబర్తిలో పుట్టిన పాటల కవి అందెశ్రీ గారిని తలచుకోండి. గొర్రెలు కాశారు, తాపీ పని చేశారు, బడి ముఖం చూడలేదు. ఆయన గురించి రాసినవాళ్లంతా ఈ మూడు మాటలు రాశారు. 2025 నవంబరులో ఆయన పోయినప్పుడు మళ్లీ అవే రాశారు. గొర్ల వెంట తిరుగుతున్న పిల్లవాడి చెవిలో పాట ఎట్లా పడింది, ఏ చెట్టు కింద మొదటి చరణం నిలిచింది, కట్టిన పాటను కాగితం లేకుండా ఎట్లా గుర్తు పెట్టుకున్నాడు అన్నవి నాకు కావాలి. ఇవి ఇంకొకరు రాయలేరు. పనిలో పనిగా జరిగిన ఆ నేర్పును వేదిక మీద చేసి చూపించాలి.

మరి ఆడవాళ్ల సంగతి? చిందులో ఆడవాళ్లు మొదటి నుంచీ వేషం కట్టారు. నిజామాబాద్ జిల్లా అమ్దాపూర్ చిందుల ఎల్లమ్మ గారి పేరు తెలియని జానపద కళాభిమాని ఉండడు. మన తెలుగు నాటకంలో ఆడవేషం మగవాళ్లే కట్టిన రోజుల్లో కూడా చిందు మేళంలో ఆడది రంగం మీద ఉంది. ఆమె గర్భంతో ఆడింది, పిల్లను సంకన వేసుకుని ఊరూరూ నడిచింది, అర్ధరాత్రి వేషం విప్పి పాలు ఇచ్చింది. తాను కళాకారిణి ఎట్లా అయ్యిందో ఆమె చెప్పే కథ మగవాడి కథలా ఉండదు. గొంతు మారే ఏడాది ఆమెకు ఉండదు. ఆమెకు పెళ్లి ఉంటుంది. ఏ మేళంలోకి కోడలిగా వెళ్లిందో ఆ మేళం అడుగులు మళ్లీ నేర్చుకోవాలి. పుట్టింటి అడుగు, అత్తింటి అడుగు ఒకే ఒంట్లో. ఆ రెండూ పక్కపక్కన వేసి చూపించే ఒక్క ఘట్టం కోసం నేను ఎంత దూరమైనా పోతాను.

డోలి సంప్రదాయంలో ఇట్లాంటి కథ చెప్పగల పెద్దలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. భద్రాద్రి జిల్లా మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య గారు 2022లో పద్మశ్రీ పొందారు, 2024లో వెళ్లిపోయారు. సమ్మక్క సారలమ్మ కథ, కోయ వీరుల కథలు ఆయన గొంతులో ఉండేవి. ఆయన ఆ గొంతును ఎవరి దగ్గర తెచ్చుకున్నారో ఆయన నోట, డోలు దెబ్బ మీద వినే వీలు ఇక లేదు. మన అడవి మండలాల్లో ఇంకా మిగిలిన పెద్దల దగ్గరకు పరిశోధకులు కెమెరా పట్టుకుని పోతున్నారు. మంచిదే. కానీ పరిశోధకుడు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పడం వేరు, తన కథను తాను కట్టుకోవడం వేరు. ఇంటర్వ్యూలో ఎక్కడ మొదలుపెట్టాలో అడిగేవాడు నిర్ణయిస్తాడు. కథలో కథకుడే నిర్ణయిస్తాడు.

అందుకు కావాల్సినవి నాకు తోచినంతవరకు చెప్పి ముగిస్తాను. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. మూడు జిల్లాల్లో భాషా సాంస్కృతిక శాఖ ఉత్సవాలు జరుగుతుంటాయి. ఏటా ఒక్క కళాకారుడికి, కట్టుకోవడానికి కొన్ని నెలల కూలి ముందే ఇచ్చి, ఈ పని అప్పజెప్పవచ్చు. సన్మానానికి శాలువా కప్పి ఇరవై నిమిషాల్లో ముగించమంటే ఈ కథ పుట్టదు. కనీసం ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వాలి. కథ రికార్డు చేస్తే ఆ రికార్డు మీద హక్కు ఆ కుటుంబానిదే అని ముందే కాగితం మీద రాయాలి. తాతలు పాడిన కథలు ఎవరెవరి క్యాసెట్లుగానో అమ్ముడుపోతే రూపాయి చూడని ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి.

మొదటి ప్రదర్శన రవీంద్రభారతిలో వద్దు. మాణిక్యాపురంలో పెట్టాలి, అప్పిరెడ్డిపల్లిలో పెట్టాలి, కొత్తగూడలో, భూపాలపల్లి కార్మికుల కాలనీలో పెట్టాలి. కళాకారుడితో పాటు పెరిగినవాళ్లు, ఆయన మొదటి వేషం చూసినవాళ్లు అక్కడ ముందు కూర్చుంటారు. ఆయన ఒక సంవత్సరం తప్పు చెబితే అక్కడికక్కడే దిద్దుతారు. "ఆ యేడు కాదు, కరువొచ్చిన యేడు" అంటారు. ఆయన ఆగి, ఆ మాట ఒప్పుకుని, కథను అక్కడి నుంచి మళ్లీ ఎత్తుకుంటాడు. ఆ దిద్దుబాటుతో కలిపి ఆ కథను మనం అచ్చు వేయాలి.